నొక్కినవాళ్ళు

ఆదాము గారి ఆదరణ కూడికలో, రెండో చరణం సగంలో ఉండగా పాట ఆగిపోయింది.

ఒడిశాలోని సెమిలిగుడలో దొర్కమ్మ గారి ముందుగది. ఆమె భర్త ఆదాము పోయి వారమైంది. చాపల మీద కూర్చున్నవాళ్ళ చేతుల్లో ఫోన్లు, ఫోన్లలో సాంసన్ బ్లాగు. అక్కడి పిల్లలంతా ఒడియా బడుల్లో చదివినవాళ్ళు. తెలుగు మాట్లాడతారు గాని తెలుగు అక్షరం రాదు. వాళ్ళ కోసం సాంసన్ తెలుగు క్రైస్తవ పాటల్ని ఒడియా అక్షరాల్లో రాసి పెట్టేవాడు. ఒడియాలో లేని పొట్టి ఎకారం వస్తే కింద చుక్క పెట్టేవాడు. జేకేపూర్ నుంచి బోరిగుమ్మ దాకా ఏ ఇంట ప్రార్థన జరిగినా ‘సాంసన్ పేజీ తియ్యండి’ అనడం అలవాటైపోయింది.

ఆ రోజు పాట మీద బొమ్మలు పరుచుకున్నాయి. ఒక ఫోన్లో పేకముక్కలు, ఇంకోదాంట్లో చీరలు. మరోదాంట్లో ఒక పిల్ల గంతులేస్తూ ‘ఆడండి, గెలవండి’ అని అరిచింది. మూలనున్న ఇంటూ గుర్తు నొక్కితే బొమ్మ పోలేదు, ఇంకోటి తెరుచుకుంది. కండువా కప్పుకున్న పెద్దాయన ఫోన్‌ని ఒళ్ళో బోర్లించి అరచేత్తో అదిమిపట్టాడు. అయినా అరుపు వినిపిస్తూనే ఉంది.

“ఏడుద్దామని వచ్చేం బాబూ,” అంది పొరుగింటి గున్నమ్మ, సాంసన్ వైపు తిరిగి. “నీ పేజీ డేన్సు కట్టిందేటి?”

ఎవరో నవ్వు ఆపుకున్నారు. దొర్కమ్మ నవ్వలేదు, ఏడవలేదు. మిగతా పాట నోటికొచ్చినంతమేర పాడి ముగించింది. సాంసన్ గుమ్మంలో చెప్పుల దగ్గరే నిలబడిపోయాడు.

ఆ ప్రకటనల బొమ్మలు పెట్టింది అతనే. జేకేపూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర టైపు పని చేసేవాడు. ఆ పని అయిపోయింది. భార్య ఎవాంజెలిన్ రాయగడలో ఒక నర్సింగ్ హోములో చేస్తుంది. ఆమె జీతంతో ఇల్లు నడుస్తోంది. ఆమె తమ్ముడు విమల్ కుమార్ విశాఖ గాజువాకలో ఒక గోడౌన్లో అతనికి పని చూశాడు. తెల్లారి వెళితే చీకటి పడ్డాక వదిలే పని. ఇక పాట రాసే తీరికుండదు. అందుకే సాంసన్ బ్లాగునే పని చేసుకుందామనుకున్నాడు. ప్రకటనల కంపెనీ ఒక గీత పెట్టింది, సంపాదన ఆ గీత దాటితేనే బ్యాంకులో వేస్తుంది. పేజీ పక్కన చిన్న ప్రకటన పెడితే సంపాదన అంకె కదల్లేదు. పేజీ నిండా పెడితే కదిలింది.

ఆ కూడిక తర్వాత జనం రావడం తగ్గింది. ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండును. బోరిగుమ్మ వాళ్ళు పాటలు జిరాక్సు తీయించుకున్నారని తెలిసింది. రాయగడ కుర్రాళ్ళు హిందీ పాటలకి వెళ్ళిపోయారు. ఇదివరకు కొత్త పాట పెట్టగానే కింద ‘వందనాలు’ అని వరసగా రాసేవారు. ఇప్పుడా చోటు ఖాళీ. సాంసన్ పళ్ళు తోముకుంటూ చూసేవాడు, కూర తరుగుతూ చూసేవాడు.

“తీసీండి ఆ బొమ్మలు,” అంది ఎవాంజెలిన్ యూనిఫాం ఇస్త్రీ చేస్తూ.

“తీస్తే గీత దాటదు.”

“ఉంచితే జనం లేరు. ఎవుడికి సూపిస్తారు, గోడకా?”

“ఈ ఒక్క నెల. ఓసారి డబ్బు పడితే తగ్గించేస్తాను.”

“మా తమ్ముడికి ఏటి సెప్పమంటారు? ఆదివారం లోపు సెప్పమన్నాడు.”

సాంసన్ శుక్రవారం బస్సెక్కి సెమిలిగుడ వెళ్ళాడు.

దొర్కమ్మ వరండాలో చేటలో బియ్యం ఏరుతోంది. రిటైరైన నర్సు. బ్లాగు పెట్టిన కొత్తలో రోజూ ఫోన్ చేసి తప్పులు చెప్పిన మనిషి.

“క్షమించండమ్మా. బాబాయి గారి కూడికలో…”

“ముందు కూకో,” అని లోపలికెళ్ళి టీ తెచ్చింది. “ఆయనకి పేకాటంటే పేణం. పైనుంచి సూసి నవ్వుకునుంటాడులే. అది సరే గాని, ఆ బొమ్మలెందుకెట్టేవు?”

సాంసన్ చెప్పాడు. గీత సంగతీ, గాజువాక సంగతీ.

“ఎవులైనా బొమ్మ నొక్కితే నీకు డబ్బులా?”

“అవునమ్మా.”

“ఏటీ కొనకుండా, ఉత్తినే నొక్కితే?”

“కొనక్కర్లేదు. నొక్కితే సాలు.”

“ఇన్నాళ్ళూ సెప్పవేం మరి! మేం నీ దగ్గర్నుంచి పారిపోతన్నాం.”

ఒకరికొకరు చెప్పుకుని నొక్కకూడదని కంపెనీ మొదట్లోనే రాసింది. సాంసన్‌కి ఆ సంగతి తెలుసు. ఆమె అడగలేదు, అతనికి చెప్పాలని తోచలేదు. టీ తాగి వచ్చేశాడు.

శనివారం ప్రార్థన సెమిలిగుడలోనే, గున్నమ్మ ఇంట్లో. సాంసన్ రాలేదు. చివర కానుక సంచి తిరిగింది. సంచి మూతి కట్టాక దొర్కమ్మ లేచి నిలబడింది.

“ఇప్పుడు అందరూ ఫోన్లు తియ్యండి. ఇదీ కానుకే. మన పిల్లల నోట్లో పాట ఎట్టింది సాంసన్. బొమ్మ వస్తే మూసీకండి, నొక్కండి.”

“ఏ బొమ్మ నొక్కాల?” అంది గున్నమ్మ. “ఈ సీర కట్టుకున్నదా?”

“ఏదైనా. ఏలు నొప్పెట్టీవరకూ నొక్కు.”

“పేకాట నొక్కితే పాపం కాదేటి?”

“కళ్ళు మూసుకుని నొక్కు.”

అందరూ నొక్కారు. కబురు బోరిగుమ్మకీ, జేకేపూర్‌కీ వెళ్ళింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద కూర్చుని నొక్కారు, టీకొట్టు దగ్గర నిలబడి నొక్కారు. ఎక్కడెక్కడి పేజీలో తెరుచుకుంటే వెనక్కి వచ్చి మళ్ళీ నొక్కారు.

ఎవాంజెలిన్‌కి ఆ ఆదివారం డ్యూటీ. సాంసన్ ఒంట్లో బాగులేక ఆరాధనకి వెళ్ళలేదు. ఈ సంగతేదీ అతనికి తెలియదు. మధ్యాహ్నం అంకె చూసి మంచం మీంచి లేచి నిలబడ్డాడు. గీత దాటేసింది. పాత పాటలన్నీ తెరుచుకుంటున్నాయి. కింద మళ్ళీ ‘వందనాలు’ వరస కట్టాయి. జనం తిరిగి వచ్చేశారనుకున్నాడు.

వెంటనే విమల్‌కి ఫోన్ చేశాడు. “నేను రాలేనురా. ఆ పని ఇంకెవరికైనా ఇచ్చీమను.”

“ఆలోసించుకో బావా. మళ్ళీ దొరకదు.”

“అక్కర్లేదు. నా పని నాకుంది.”

కబురు విని, సాయంత్రం ఎవాంజెలిన్ వస్తూ కోడికూర తెచ్చింది.

సోమవారం పొద్దున్న కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. మీ పేజీలో దొంగ నొక్కుళ్ళు జరిగాయి, ఖాతా మూసేశాం, వచ్చిన డబ్బు ప్రకటనలిచ్చినవాళ్ళకి తిరిగి ఇచ్చేస్తాం అని. సాంసన్ నిలబడి చదివాడు, కూర్చుని చదివాడు. ఫోన్ మోగింది. దొర్కమ్మ.

“బాబూ, బొమ్మలు రావట్లేదేటి? పొద్దున్నించీ ఎతుకుతన్నాం. గున్నమ్మ ఫోన్లోనూ లేవు. ఇంకా నొక్కాలేమోనని…”

“ఎవరు నొక్కేరమ్మా?”

“అందరం.”

పక్కనే వింటున్న ఎవాంజెలిన్ ఫోన్ లాక్కుంది. “పిన్నీ, మీరు నొక్కబట్టే మూసీసేరు. దొంగ నొక్కుళ్ళంట.”

అటువైపు నుంచి “దొంగలమా?” అని మాత్రం వినిపించింది. దొర్కమ్మ ఫోన్ పెట్టేసింది.

సాంసన్ మళ్ళీ విమల్‌కి చేశాడు. ఆ పనిలో నిన్ననే వేరేవాడు చేరిపోయాడు.

మధ్యాహ్నం దొర్కమ్మ, గున్నమ్మ బస్సు దిగి వచ్చారు. ఘాటీ రోడ్డు మలుపులకి ఇద్దరి ముఖాలూ పాలిపోయాయి. మంచినీళ్ళు ఇస్తే తీసుకోలేదు.

“ఆ కంపెనీవోడితో నన్ను మాటాడించు,” అంది దొర్కమ్మ.

“మాట్లాడ్డానికి మనిషుండడమ్మా. రాసి పంపాలి. అదీ ఒక్కసారే.”

“అయితే రాయి.”

సాంసన్ కంప్యూటరు తెరిచాడు. ఎవాంజెలిన్ వెనక నిలబడి మెల్లిగా అంది, “ఎవులు నొక్కేరో మాకు తెలీదని రాయండి. అలాగైతే ఒకోసారి ఒగ్గేసి మళ్ళీ తెరుస్తారంట. మా నర్సింగ్ హోము కంప్యూటర్ కుర్రోడు సెప్పేడు.”

సాంసన్ అలాగే ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. దొర్కమ్మ కళ్ళజోడు తుడుచుకుని తెర దగ్గరికి వంగింది. ఆసుపత్రిలో ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చీటీలు చదివిన మనిషి.

“తెలీదేటి? నాకు తెల్సు. నేనే నొక్కించేను. అది రాయి. దొర్క, రిటైర్డ్ నర్సు, సెమిలిగుడ. సాంసన్ మమ్మల్ని నొక్కమనలేదు. మేమే ఒకరికొకరం సెప్పుకుని నొక్కేం. మేం దొంగలం కాం, ఆయన పాటలు సదువుకునీవోళ్ళం.”

“నా పేరూ ఎక్కించు,” అంది గున్నమ్మ. “నాకంటే ఎక్కువ ఎవులూ నొక్కలేదు.”

సాంసన్ వేళ్ళు ఆగిపోయాయి. ఒకరికొకరు చెప్పుకుని నొక్కామని తామే రాసి పంపితే ఇక ఏ కంపెనీ తలుపూ తెరవదు. ఆ మాట ఆమెకి చెప్పాలంటే, ఆమె ఏం చేసిందో ఇంకోసారి ముఖం మీద చెప్పాలి. ఎవాంజెలిన్ వెనక నుంచి అతని భుజం గట్టిగా పట్టుకుంది.

“అబద్ధం రాసి తెచ్చుకున్న డబ్బుతో పాట ఎలాగ పెడతావు బాబూ?” అంది దొర్కమ్మ.

సాంసన్ రాసింది చెరిపేశాడు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాడు. రెండు పేర్లూ రాశాడు. ఎవాంజెలిన్ చెయ్యి భుజం మీంచి జారిపోయింది. అతను పంపేశాడు.

“ఎప్పుడు సెప్తారు?”

“రెండు మూడు రోజులు పట్టొచ్చమ్మా.”

“ఒప్పుకున్నాం గదా. ఒగ్గేస్తారు,” అని దొర్కమ్మ గ్లాసు అందుకుని నీళ్ళు తాగింది.

వంటింట్లో ఎవాంజెలిన్ గిన్నె విసురుగా దించిన చప్పుడైంది. సాంసన్ వాళ్ళిద్దరినీ బస్సెక్కించడానికి చెప్పులు వేసుకున్నాడు.