చెరకు పిప్పి పులిసిన సీసా

నేను ఒక గాజు సీసాను. మెడ సన్నం, పొట్ట వెడల్పు. కొలిమిలో పుట్టి, గడ్డి కుక్కిన పెట్టెలో కూర్చుని అనకాపల్లి దగ్గరి ఒక కాలేజీ ల్యాబుకి వచ్చాను. మొదట ఒక మాస్టారు నాలో డిస్టిల్డ్ వాటర్ పోసుకునేవారు. ఆయన రిటైరయ్యాక ముత్యాలు అనే అమ్మాయి చేతికొచ్చాను. చెరకు కొట్టే ఇంటి పిల్ల. ఇప్పుడు పరిశోధన చేస్తోంది.

చెరకు పిప్పిలో ఉండే ఒక రకం చక్కెర మామూలు ఈస్టుకి సయించదు. ముత్యాలు దాని జన్యువులు మార్చి, ఆ చక్కెర కూడా తిని ఇంధనం చేసేలా తయారుచేసింది. ఆ కొత్త ఈస్టు మొదట బుడగలేసింది నాలోనే. రోజూ నన్ను కుదుపుతూ "తినవే తల్లీ" అని బతిమాలేది. నన్నే అంటోందనుకుని మురిసిపోయేదాన్ని.

అంతలో ఫెర్మెంటరు దిగింది, పులియబెట్టే మిషను. స్టీలు ఒళ్లు, రంగుల తెర, వాటంతటవే తిరిగే రెక్కలు. ముత్యాలు నా అడుగున కాస్త ఈస్టు ఉంచి, మూతికి దూది కుక్కి, మిగతాదంతా దానికే పోసింది. నన్ను మూల బల్లకెక్కించింది. దాని తెరనైతే చున్నీతో తుడిచేది. నా మీది దుమ్ము ఎవరికి పట్టింది? ఒళ్లు మండిపోయేది.

దసరాకి అటెండరు సన్యాసమ్మ దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. నాకు ఒక్క రేకైనా లేదు.

సెలవులయ్యాక ముత్యాలు దాని మూత తీసి ముక్కు మూసుకుంది. కరెంటు తీసేసి ఉంది. గాలి ఆగి, బయటి క్రిములు చేరి, లోపలంతా పాడైపోయింది. పని ఎంతవరకొచ్చిందో చూసే నిపుణులు వచ్చే వేళయింది. చూపించడానికేమీ లేకపోతే ప్రాజెక్టు మూతపడినట్టే.

"దీన్ని ఎవరాపారు పిన్నీ?" అంది ముత్యాలు.

"నానేనమ్మా," అంది సన్యాసమ్మ. "ఆయుధపూజనాడు మిషన్ చేత పని చేయిత్తారేటి? పాపం కాదూ!"

"మరి ఆ మూల సీసాకి సెలవివ్వలేదేం?"

"బలేదానివే! సీసా మిషనేటి?"

ముత్యాలు నవ్వలేదు. గబగబా వచ్చి నన్ను వెలుతురుకెత్తి చూసింది. నాలో సన్నటి బుడగలు లేస్తున్నాయి. "బతికే ఉన్నాయి పిన్నీ!" అంటూ నన్ను గుండెకి హత్తుకుంది. ఎన్నాళ్లకో!

మనుషుల ముద్దు ఎంతసేపు లెండి. ఫెర్మెంటరుని శుభ్రం చేయడమేమిటి, నన్ను చుక్క మిగల్చకుండా దాంట్లోకి ఒంపేయడమేమిటి, చకచకా అయిపోయాయి.

నిపుణులొచ్చి, రంగుల తెర చూసి తలలూపారు. ప్రాజెక్టు కొనసాగుతుందన్నారు. అందరూ దాని పక్కన నిలబడి ఫోటో దిగారు, సన్యాసమ్మతో సహా. నేను సింకు పక్కన బోర్లా పడున్నాను.

ఆ ఫెర్మెంటరుని శపిద్దామని నోటిదాకా వస్తుంది. కానీ దాని కడుపులో ఆడుతున్నవి నా పిల్లలు. నోరారా శపించుకునే సుఖం కూడా లేకుండా చేసింది, మాయదారి ముండ.