గెంచో నవ్వుతున్న ఫోటో

రాంగెల్ మోకాళ్ళ మీద కూర్చుని, బల్ల కింద కంప్యూటరు వెనక పేరుకున్న దుమ్మును గుడ్డతో తుడుస్తున్నాడు. పొద్దున్నే ఆ పని అయ్యాకే కోటు విప్పుతాడు. లైబ్రరీ, నాటకాల వేదిక రెండూ ఉన్న ఊరి పఠన మందిరంలో, వేదిక వెనక గది అది. నాట్యబృందం వాళ్ళ ఉన్ని పావడాలు కొక్కేలకు వేలాడుతుంటాయి, గదంతా కలరా ఉండల వాసన. ఆ పావడాల పోగులు ఎగిరి వచ్చి ఫ్యానులో చుట్టుకుంటాయి. వాటిని లాగి తీయడానికి అతని వేళ్ళు మరీ లావు. మనిషే లావు. చీలమండలు వాచి, మేజోళ్ళ పై అంచులు కత్తెరతో కత్తిరించుకున్నాడు. లేవాలంటే బల్ల పట్టుకుని ముందు ఒక కాలు, కాసేపు ఆగి రెండో కాలు.

అతనికి జీతం ఇచ్చేది ఊడ్చినందుకు, ఫ్యూజులు మార్చినందుకు, నాటకాలప్పుడు దీపాలు వేసినందుకు. కంప్యూటరు సంగతి ఎవరూ అప్పగించలేదు. పడవల కర్మాగారం మూతపడి, అందులో ఎలక్ట్రీషియన్‌గా ఉన్న రాంగెల్ ఇక్కడ చేరాక, తనంతట తనే దాన్ని నెత్తికెత్తుకున్నాడు. అందులో నడిచే కబుర్ల సైటు పేరు 'రేవు'. ఏ పెద్ద కంపెనీ సొత్తూ కాదు. ఏ ఊరివాళ్ళు ఆ ఊళ్ళో సర్వర్ పెట్టుకుని, పక్క ఊళ్ళ సర్వర్లతో కబుర్లు ఇచ్చిపుచ్చుకునే రకం. డాన్యూబ్ మీద పడవలు నడిపి రిటైరైనవాళ్ళు అందులో చేరి నీటిమట్టం గురించీ, నడుంనొప్పుల గురించీ రాసుకుంటారు, ప్రభుత్వాన్ని తిట్టుకుంటారు. "చెప్పుకోవడానికి ఏమీ లేని ఊరికి, చెప్పుకునే చోటు మాత్రం ఉంది" అని లైబ్రేరియన్ దఫినా వెక్కిరిస్తుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. 'రేవు'లో అందరికన్నా ఎక్కువ రాసేది కూడా ఆమే.

ఇవాళ వెలిచ్కా పని పూర్తి చేయాలి. మాట ఇచ్చాడు.

వెలిచ్కా భర్త గెంచో పోయి రేపటికి ఏడాది. సెర్బియా వాళ్ళ సరుకు పడవ మీద మెకానిక్కుగా ఉండేవాడు. గుండె ఆగి డెక్కు మీద పడినప్పుడు చేతిలో ఫోను నదిలో పడిపోయింది. ఆ ఊళ్ళో మనిషి పోతే ఫోటోతో కాగితం అచ్చువేసి ఇంటి తలుపుకూ, బస్టాపుకూ, పఠన మందిరం గోడకూ అంటిస్తారు. నలభయ్యో రోజున మళ్ళీ, ఆర్నెల్లకు మళ్ళీ, ఏడాదికి మళ్ళీ. గెంచో కెమెరా కనబడితే పారిపోయే మనిషి, అందుకని ఇంతవరకు అన్ని కాగితాల మీదా ఐడీ కార్డు ఫోటోనే వేశారు. "జైలు గోడ దూకినవాడిలా ఉన్నాడు నా మొగుడు" అని వెలిచ్కా ప్రతిసారీ కళ్ళు తుడుచుకుంది.

నవ్వుతున్న ఫోటో ఒక్కటే ఉంది. పడవ మీద పుచ్చకాయ తింటుంటే తోటివాడెవడో తీశాడు. గెంచో దాన్ని పడవవాళ్ళ సర్వర్‌లో పెట్టి, కింద "ఈ దొంగమొహం ఎవరిదో గుర్తుపట్టండి" అని రాశాడు. ఆ సర్వర్ నుంచి అతని రాతలన్నీ 'రేవు'కు వస్తుండేవి కాబట్టి అదీ వచ్చింది. కాని వెలిచ్కా పాత ఫోనులో 'రేవు' తెరుచుకోదు. తెరుచుకున్నా చీమల బారులా ఉండే ఆ అక్షరాలు ఆమెకు ఆనవు. "ఏడాది కాగితం మీద ఆ నవ్వు ఉండాలి తమ్ముడూ. ముందు నా ఫోన్లో నేను చూసుకోవాలి. ఆయన రాసినవన్నీ చదువుకోవాలి" అని అడిగింది.

అందుకే ఈ కొత్త ఫ్రంట్‌ఎండ్. ఇల్లు పాతదే, వీధిగుమ్మం మాత్రం కొత్తది. పాత ఫోన్లలో కూడా తేలిగ్గా తెరుచుకుంటుంది, అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవవుతాయి. ఆ ప్రోగ్రాము రాసింది ఎవరో, ఏ దేశంవాళ్ళో రాంగెల్‌కు తెలియదు. రాసి, కావలసినవాళ్ళు తీసుకోండని వదిలేశారు. పొయ్యి మీద కాఫీ పెట్టి వచ్చి, ఆ ఫ్రంట్‌ఎండ్‌ను కంప్యూటర్లోకి ఎక్కించబోతే డిస్కులో చోటు లేదంది. తా దూర కంత లేదు, మెడకో డోలు.

రాంగెల్ ఆలోచించాడు. బయటి సర్వర్ల నుంచి వచ్చే బొమ్మలకు ఇక్కడ ఒక్కో నకలు మిగిలిపోతుంది. అవి తీసేస్తే బోలెడు చోటు. పోయేదేమీ లేదు, ఎవరైనా మళ్ళీ అడిగితే అసలు చోటు నుంచి అవే వస్తాయి. మిగతా సర్వర్లవాళ్ళు ఇల్లు ఊడ్చినంత మామూలుగా ఈ పని చేస్తారు. అతనికి ఇంతకాలం అవసరం పడలేదు, అంతే. నకళ్ళకు బ్యాకప్ ఎందుకని అది కూడా ఎప్పుడో మానేశాడు. ఆదేశం టైపుచేసి, మీట నొక్కి, కాఫీ తెచ్చుకుని తాగాడు.

మధ్యాహ్నానికల్లా కొత్త గుమ్మం నిలబడింది. తన ఫోన్లో తెరిచి చూశాడు. అక్షరాలు ఎంత బాగున్నాయో! ఒకప్పుడు పడవల పేర్లు రంగులతో రాసే పెయింటరు అక్షరాలు అలా ఉండేవి. రాంగెల్‌కు నిజంగా సంతోషం వేసింది. పెళ్ళి కాలేదు, పిల్లల్లేరు, తల్లి పోయాక ఒంటిగది కాపురం. ఇదిగో ఇలాంటిదేదైనా పనిచేసినప్పుడు తప్ప బతికినట్టు ఉండదు. గెంచో పేజీ తెరిచాడు.

రాతలన్నీ ఉన్నాయి. "ఈ దొంగమొహం ఎవరిదో గుర్తుపట్టండి" అని ఉంది. దాని పైన బూడిద రంగు చతురస్రం.

కాసేపు ఎదురుచూశాడు. మళ్ళీ తెరిచాడు. అప్పుడు గుర్తొచ్చింది. పడవవాళ్ళ సర్వర్ చలికాలంలోనే మూతపడింది. దాన్ని నడిపిన మియోద్రాగ్ వీడ్కోలు రాస్తే, "మంచి చోటు పోయింది" అని జవాబు రాసింది తనే. అసలు చోటు లేదు. తన దగ్గరున్న నకలే మిగిలిన ఒక్కటీ. ఆ ఒక్కదాన్నీ పొద్దున కాఫీ తాగుతూ తన చేత్తో తుడిచేశాడు.

వెంటనే సెర్బియాకు ఫోను చేశాడు.

"మియోద్రాగ్ అన్నా, మీ పాత డిస్కులేమైనా ఉన్నాయా?"

"ఎక్కడివి రాంగెల్! అన్నీ చెరిపేసి పాతసామాను వాడికి ఇచ్చేశాం కదా. ఏం, ఏదైనా పోయిందా?"

"గెంచో ఫోటో."

"వాడు పుచ్చకాయ తింటున్నదా? అది తీసిన కుర్రాడి ఫోను కూడా ఎప్పుడో పగిలిపోయింది తమ్ముడూ. నీ దగ్గర ఉందిగా అని మేమంతా నిశ్చింతగా ఉన్నాం."

ఇంకెవరి దగ్గరైనా నకలు మిగిలిందేమోనని తెలిసిన సర్వర్లవాళ్ళకు రాశాడు. మేమూ నెలనెలా ఊడ్చేస్తామని ఒకరి తరవాత ఒకరు జవాబిచ్చారు. రాంగెల్ పావడాల కింద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎడమ చెయ్యి మొద్దుబారినట్టు ఉంటే పిడికిలి ముడిచి విప్పుకున్నాడు. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

వెలిచ్కా వచ్చేసరికి ఇంకా లేవలేదు. ఆమె వెనక దఫినా.

"ఇదేమిట్రా రాంగెల్, పావడాల్లో దాక్కున్నావు? ఈ వయసులో నాట్యం నేర్చుకుంటావా ఏమిటి?" అంది దఫినా.

వెలిచ్కా ముదురు నీలం కోటు వేసుకుని, తలకు నల్ల గుడ్డ కట్టుకుంది. చేతిలో గిన్నె. రేపు చనిపోయినవాడి పేరున పంచడానికి చక్కెర కలిపి ఉడికించిన గోధుమలు. రాంగెల్ బల్ల పట్టుకుని లేచాడు. ఆమె ఫోను తీసుకుని కొత్త గుమ్మం తెరిచి చేతికిచ్చాడు.

ఆమె ఫోను దూరంగా పెట్టుకుని మెల్లగా చదవడం మొదలుపెట్టింది. "'ఇవాళ పొగమంచు. ముందు పడవ కనబడటం లేదు. వెలిచ్కా మిరపకాయల్లో అన్నం కూరుతుంటుంది, నాకు ఇక్కడ బీన్స్ పులుసే గతి.' చూశావటే దఫినా, ఊరంతటికీ చెప్పాడు, నాకు మాత్రం చెప్పలేదు!" నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వేలితో కిందికి జరిపింది. జరిపి జరిపి ఆగింది.

"'ఈ దొంగమొహం ఎవరిదో...'" అని చదివి, చాలాసేపు చూసింది. తరవాత తలెత్తి రాంగెల్ వైపు చూసింది.

"నాకు బూడిద రంగుగా కనిపిస్తోంది తమ్ముడూ. శుక్లాలు ముదిరిపోయాయి. ఫోటో ఉంది కదూ?"

రాంగెల్ నోరు తెరిచాడు. "ఉందక్కా" అన్నాడు.

"ఎలా ఉన్నాడో చెప్పు."

చెప్పాడు. టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడని, గడ్డం మాసి ఉందని, పుచ్చకాయ రసం మోచేతి దాకా కారుతోందని, ముందు పన్ను ఊడిన సందు కనబడేలా నవ్వుతున్నాడని. చెబుతుంటే అతనికి నిజంగానే కనబడింది. దఫినా ఒక అడుగు ముందుకు వేసి, ఆ ఫోను వంకా ఇతని వంకా చూసి, జీవితంలో మొదటిసారి నోరు మూసుకుంది.

"అదే వెయ్యి కాగితం మీద" అంది వెలిచ్కా. గోధుమల గిన్నె బల్ల మీద పెట్టింది. "సాయంత్రం ఇంటికి రా. మిరపకాయలు చేశాను."

వాళ్ళు వెళ్ళాక రాంగెల్ కాగితాలు అచ్చువేశాడు. వేయడానికి ఐడీ కార్డు ఫోటో తప్ప ఇంకోటి లేదు. ఆమెకు కనబడదు కదా అని ఒకసారి అనుకున్నాడు, అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఊళ్ళో ఎవరో ఒకరు చెప్పకుండా ఉంటారా? ముందు వీటిని అంటించి, ఆ ఇంటికి వెళ్ళి, మిరపకాయలు ముట్టుకోకుండా నిలబడి చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు. పిండి ఉడికించి జిగురు చేసి, ఆలివ్ పళ్ళ ఖాళీ డబ్బాలో పోసుకుని, కుంచె పట్టుకుని బయలుదేరాడు.

పఠన మందిరం గోడకు ఒకటి అంటించాడు. బస్టాపులో రెండోది అంటించేసరికి ఊపిరి అందలేదు. పాత కాగితాల మీద కొత్తవి, వాటి మీద ఇంకా కొత్తవి, ఆ గోడ నిండా ఊరిలోని మొహాలే. బెంచీ మీద కూర్చున్నాడు. నది మీద నుంచి చల్లటి గాలి వస్తోంది, ఇంకా పొద్దు కుంకలేదు. కాసేపటికి బస్సు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. బెంచీ మీద మనిషి గడ్డం గుండెకు ఆనించి కదలకపోయేసరికి, నిద్రపోతున్నాడనుకుని వెళ్ళిపోయాడు. తిరుగు ప్రయాణంలో కూడా అలాగే ఉంటే దిగి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. అప్పటికే ఒళ్ళు చల్లబడిపోయింది.

మర్నాడు గెంచో సమాధి చూసి స్మశానం నుంచి వస్తూ వెలిచ్కా, దఫినా బస్టాపు దగ్గర ఆగారు. వెలిచ్కా కాగితానికి ఎదురుగా నిలబడి, అచ్చులో ఉన్న మొహాన్ని వేళ్ళతో తడిమింది.

దఫినా గొంతు సవరించుకుంది. "నవ్వుతున్నాడు వదినా. అచ్చం అన్నయ్యే."

"నవ్వడం లేదే. ఆ ఐడీ కార్డు ఫోటోయే ఇది" అంది వెలిచ్కా. "రాంగెల్ పెట్టిన ఆ అక్షరాలన్నీ చదివినదాన్ని, మొగుడి మొహం ఉంటే కనబడదా నాకు? ఫోటో పోయిందని అక్కడే తెలిసింది."

"మరి ఎందుకడిగావు, ఉందా అని?"

"వాడి మొహం చూళ్ళేదా నువ్వు? ఏదో ఒక సాకు అందివ్వకపోతే అక్కడే కూలిపోయేలా ఉన్నాడు. సాయంత్రం వస్తాడుగా, తిన్నాక చెబుదామనుకున్నాను. పోతే పోయిందిలేరా, నువ్వు చెబుతుంటే నేను చూశాను కదా అని." ఆమె కాగితం మీంచి చెయ్యి తీసింది. "రెండు కంచాలు పెట్టుకుని కూర్చున్నానే. వీధిలో అలికిడైనప్పుడల్లా వాడేననుకున్నాను."

దఫినా ఆమె మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ నెమ్మదిగా గుట్ట దారి పట్టారు. బెంచీ కింద ఆలివ్ డబ్బాలో జిగురు రాయిలా గట్టిపడిపోయింది, దాని మధ్యలో కుంచె నిటారుగా నిలబడి ఉంది.