నమిలిన బియ్యం

లస్మవ్వ పక్క తరగతి నుంచి బెంచీలను ఒక్కొక్కటిగా ఈడ్చుకొచ్చి హాల్లో వేస్తోంది. రెండో కొస తోటి ఆయా ప్రేమలత పట్టుకుంటే పని సులువయ్యేదే. కానీ ప్రేమలతకు ఈ మధ్య లస్మవ్వ పక్కన నిలబడటం ఇష్టం లేదు. దొంగతో కలిసి తిరిగితే తన మీద కూడా నాలుగు కళ్లు పడతాయని ఆమె భయం.

కోరుట్లలోని ఆ ప్రైవేటు బడిలో ఆ రోజు వ్యాసరచన పోటీ. జగిత్యాల నుంచి, సిరిసిల్ల నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చి దిగారు. ‘అన్యాయాన్ని ఎదిరించే ధైర్యం’ అని బోర్డు మీద రంగు చాక్‌పీసులతో రాసి చుట్టూ పూలు గీశారు. పేరుకే పోటీ. సార్లు రాసిచ్చింది పిల్లలు బట్టీ పట్టుకొచ్చి కాగితం మీద కక్కి పోవడమే. ధైర్యాన్ని కూడా సార్లే ముందుగా దిద్ది ఇచ్చారు.

లస్మవ్వది బీర్పూర్. దుబాయి పోయిన పెనిమిటి పెట్టెలో తిరిగొచ్చాడు. బీడీలు చుట్టి చుట్టి మెడ పట్టేశాక, ఈ బడి ఇంకా రేకుల షెడ్డుగా ఉన్న రోజుల్లో ఆయాగా చేరింది. అది మూడంతస్తులు లేచేదాకా పిల్లల ముక్కులు తుడిచింది, వాంతులు ఎత్తింది. ఆమె పేరుతో ఎవరికీ పని పడలేదు. మొన్నటి వానాకాలం దాకా ఆమె గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు కూడా.

వానాకాలంలో కరస్పాండెంట్ అనంత్ రావు భార్య ఇందిర ఉంగరం కనిపించకుండా పోయింది. పోలీసుల దాకా పోతే బడి పరువు పోతుందని ఆమె మంత్రించిన బియ్యం తెప్పించింది. ఆయాలను స్టోర్ రూంలో వరసగా నిలబెట్టి తలా పిడికెడు నమిలించారు. దొంగ నోట్లో తడి ఊరదట, బియ్యం పొడిగానే బయటికొస్తుందట. ఎవరైనా గద్దిస్తే చాలు, లస్మవ్వ నోరు చిన్నప్పటి నుంచీ పిడచగట్టుకుపోతుంది. ప్రేమలత తడి ముద్ద ఉమ్మింది. లస్మవ్వ అరచేతిలో పడినవి పొడి నూకలు. ఇంకేముంది, దొంగ దొరికింది.

తర్వాత ఇందిర మేడం బాత్రూం కడుగుతుంటే నీళ్లు పోయే జాలీలో, వెంట్రుకల చిక్కులో ఉంగరం లస్మవ్వకే కనబడింది. కడిగి తీసుకెళ్లి ఇచ్చింది. భయపడి తిరిగి పెట్టిందన్నారు. పనిలో ఉంచుకోవడం తమ దయ అని కూడా అన్నారు. ఆ దయ కిందే ఆమె ఇన్నాళ్లూ తల వంచుకుని ఊడుస్తోంది.

భోజనాల వేళకు ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. పిల్లలందరూ మహనీయుల మీద రాస్తే, ఈ బడిలోనే తొమ్మిదో తరగతి చదివే శ్రావణి స్టోర్ రూం బియ్యం గురించి రాసిందట. ఆ రోజు కిటికీలోంచి అంతా చూసిందట. లస్మవ్వ పేరు కూడా పెట్టి, అందరూ చూస్తూ ఊరుకున్నారని రాసిందట. న్యాయనిర్ణేతగా సిరిసిల్ల నుంచి వచ్చిన రిటైర్డ్ లెక్చరర్ ఊర్మిల ఆ కాగితం పట్టుకుని, ఇది నిజమా అని అడుగుతోందట. నడవలో ఒలికిన సాంబారు తుడుస్తున్న లస్మవ్వకు ప్రేమలత ఈ కబురు దూరం నుంచే చెప్పి పోయింది.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. తుడవడం సగంలో వదిలేసి లేచింది. నల్లా దగ్గర నిలబడ్డ శ్రావణి జబ్బ పట్టుకుంది.

“నిన్నెవలు రాయమన్నరే? కోరుట్లల తెల్శింది సాలదని సిరిసిల్ల దాంక తెల్వాల్నా?”

మేడిపల్లి నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల అది. ఏడుపు దిగమింగుకుంటూ చెప్పింది. “బట్టీ వట్టింది మొత్తం మర్శిపోయిన ఆయమ్మా. యాదికున్నది రాసిన.”

దాన్ని ఇంకా తిట్టేదే, ఇంతలో అనంత్ రావు వరండాలోకి వచ్చి సైగ చేశాడు. ఎన్నడూ లేనంత మెత్తగా మాట్లాడాడు. “గట్లేం కాలేదని ఆ సిరిసిల్ల మేడంకు చెప్పు. పిల్ల అబద్ధం రాసిందని టీసీ ఇచ్చి పంపుతం. నీ పని నీకుంటది.”

మాట బాగానే ఉంది. నిజానికి లస్మవ్వకు చాలా నచ్చింది. బియ్యం నమిలించనే లేదంటే తాను దొంగ అయిందీ లేనట్టే. పెద్దల నోటితోనే ఆ మచ్చ పోతుంది. రాయమని ఆమె ఎవరినీ అడగలేదు. పరాయి పిల్ల చదువు ఆమెకెందుకు?

ఆఫీసులో అందరూ కుర్చీల్లో ఉన్నారు. శ్రావణిని గోడవారగా నిలబెట్టారు. చెప్పమన్నట్టు ఊర్మిల లస్మవ్వ వైపు చూసింది. ఇందిర కూడా చూసింది, ఇంకోలా. లస్మవ్వ మాత్రం ఆ పిల్లనే చూసింది. పిల్ల గుటక వేయాలని చూస్తోంది, పడటం లేదు. పెదవులు తెల్లగా ఎండిపోయాయి. ఆ నోటి సంగతి ఆ గదిలో లస్మవ్వ ఒక్కదానికే తెలుసు. ఆమెకు కోపం వచ్చింది. ఈసారి పిల్ల మీద కాదు.

“అయింది మేడం. నాతోని బియ్యం నమిలిచ్చిండ్రు. పిల్ల రాసింది నిజమే.”

నోరు ఎండుకుపోయినా మాట వచ్చింది. ఇందిర, ఇన్నేళ్లు తిండి పెట్టినందుకు బాగానే బుద్ధి చూపించావంది. అనంత్ రావు రేపటి నుంచి రావద్దన్నాడు. ఊర్మిల కాసేపు కళ్లద్దాలు తుడుచుకుంది. తర్వాత, ఇందులో ఉపోద్ఘాతం లేదు, ముగింపు లేదు, దీన్ని వ్యాసమనలేమంటూ ఆ కాగితాన్ని అడుగున పెట్టింది. మొదటి బహుమతి అనంత్ రావు మనవరాలు హర్షితకు వచ్చింది. ఆ పిల్ల ఒక్క అక్షరం కూడా మరచిపోలేదు. కాకపోతే బయటివాళ్ల ముందు నిజమని తేలిపోయాక శ్రావణికి టీసీ ఇవ్వడానికి వాళ్లకు మొహం చెల్లలేదు. లస్మవ్వ మాటకు దక్కింది అదొక్కటే.

రేపటి దాకా ఎందుకని ఆమె అప్పుడే కొంగు దులుపుకుని బయల్దేరింది. నల్లా దగ్గర శ్రావణి కనిపిస్తే నిలబడింది. “ఏడ్సింది సాలు. నీళ్లు తాగు,” అని, ఆ పిల్ల తాగేదాకా ఉండి గేటు దాటింది. వెనక్కి తిరగలేదు.

సాయంత్రం కప్పు పట్టుకున్న హర్షితతో ఫొటోలు దిగడానికి వస్తూ అనంత్ రావు నడవలో తట్టుకుని పడబోయాడు. అడ్డం తియ్యమని ప్రేమలతను కేకేశాడు. ప్రేమలత అటు చూసి, అది తన పని కాదని చెప్పి చీపురు తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయింది. సిరిసిల్ల పిల్లలు సాంబారు ఒలకబోసిన చోట, సగం తుడిచిన బండల మీద, లస్మవ్వ బకెట్ అలాగే ఉంది. సగం నీళ్లలో మునిగి దాని అంచుకు వేలాడుతున్న గుడ్డ, ఎవరూ పిండక, ఇంకా నీళ్లు కారుస్తోంది.