పొడి బట్టలకు మాత్రమే

రుమాలు సారుకి ఆ పేరు పెట్టింది తడి గది ఆడవాళ్లే. కొనుగోళ్లు చూసే ఆ పెద్దమనిషి ఏడేళ్లలో ఆ గది దాకా నాలుగుసార్లు వచ్చాడు. నాలుగుసార్లూ ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, గడప అవతలే నిలబడి మాట్లాడి వెళ్లాడు. వాసన నిజమే. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే ఫ్యాక్టరీ అది. నెత్తురూ చీమూ వాంతులూ అంటిన బట్టలు రోజుకి నాలుగు వ్యాన్లు దిగుతాయి. తడి గది మేస్త్రమ్మకి ఆ మరకలంటే రోత లేదు. పాపం రోగులవి, వేణ్నీళ్లకీ సోడాకీ వదిలిపోతాయి. దుప్పటి మూలల్లో ఆసుపత్రి గుర్తులు వేసే నల్ల సిరా ఒక్కటే ఎన్ని ఉతుకులకూ పోదు. అలా పోని మురికి మనుషుల్లో కూడా ఉంటుందని ఆమెకి ఈ ఏడాదే తెలిసింది.

సంగతి హాయిస్టు దగ్గర మొదలైంది. ఉతికే డ్రమ్ములోంచి తడి దుప్పట్లను వలసంచితో పైకి లేపి, పక్కనున్న పిండే యంత్రంలో దింపేది అదే. పాతది ముసలిదైపోయింది. పోయిన నెల గొలుసు జారి సంచి ధబ్బున పడింది, మేస్త్రమ్మ చెల్లెలికి జానెడు దూరంలో. వేలాడే సంచిని చేత్తో పట్టి యంత్రం నోట్లోకి తిప్పేది చెల్లెలే. ఒక పక్క గోడ, ఒక పక్క మురుగు కాలువ. కొక్కెం కింద తప్ప అక్కడ నిలబడే చోటు లేదు. మొహం మీద పడ్డ మురికి నీళ్లు మోచేత్తో తుడుచుకుని, "అక్కా, ఈసారి ఆ జానెడు కూడా ఉండదేమో," అంది చెల్లెలు.

మేనేజరు కొత్తది కొనమన్నాడు. ఎంత బరువు లేపేది కావాలో తేల్చే పని రుమాలు సారుకి అప్పజెప్పాడు.

తేల్చాడు మహానుభావుడు. ఇస్త్రీ గదికి వెళ్లాడు. అక్కడ వాసన ఉండదు, ఫ్యాను ఉంటుంది. ఒక సంచికి పట్టే నూటయాభై దుప్పట్లను, ఇస్త్రీ చేసి మడతపెట్టినవాటిని, కాటా మీద పెట్టించాడు. నూట ఇరవై కిలోలు. దానికి రెట్టింపు వేసి, పైన పది కలిపి, రెండు వందల యాభై కిలోలు లేపే హాయిస్టు చాలని రాసేశాడు. వాడేవాళ్ల తరఫున కూడా ఒక సంతకం ఉండాలని మేస్త్రమ్మని ఆఫీసుకి పిలిపించాడు.

"సారూ, మేం లేపేది తడి బట్టలు," అందామె.

"దుప్పటి దుప్పటే కదమ్మా. తడిస్తే కాస్త బరువెక్కుతుందనే కదా రెట్టింపు వేశాను."

"కాస్త కాదు. ఒక్కసారి కిందకి వచ్చి తూయించండి."

రుమాలు సారు మొహం చిట్లించాడు, ఉతికే డ్రమ్ములో తనని పడేస్తామన్నట్టు. "ఏదున్నా రాసివ్వండి," అన్నాడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎందుకని ఆమె సంతకం పెట్టకుండా వచ్చేసింది. వ్యాన్లు దిగే చోట ఇంకో కాటా ఉంది. నీళ్లోడుతున్న సంచిని తోపుడు బండి మీద అక్కడిదాకా నెట్టుకెళ్లి, బండి బరువు పోగా చూసుకుంది. మూడు వందల ముప్పై. ఆ అంకె చీటీ మీద రాసి ఆఫీసులో ఇచ్చింది. పది రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. చదవలేదేమో అనుకుంది.

పదకొండో రోజు హాయిస్టు వచ్చింది. పసుపు రంగు, చేతిలో ఇమిడే రిమోటు, పైన పటారం లోన లొటారం. రెండు వందల యాభై కిలోలదే. బిగించడం అయ్యాక దగ్గరికెళ్లి చూస్తే, దాని పొట్ట మీద కొత్త స్టిక్కరు: "పొడి బట్టలకు మాత్రమే."

ఆమె రెండుసార్లు చదివింది. ఆ గదిలో గోడలే పొడిగా ఉండవు. అంటే చీటీ చదివారన్నమాట. చల్లగా కూర్చుని, టీ తాగుతూ, మూడు వందల ముప్పై అన్న అంకె చూసి, హాయిస్టు మార్చడం కన్నా స్టిక్కరు అంటించడం తేలికని తేల్చుకున్నారు. రేపు సంచి చెల్లెలి నెత్తిన పడితే, తడి బట్టలు ఎవరు తగిలించమన్నారని అడగొచ్చు. ఛీ, వీళ్లూ మనుషులేనా అనుకుంది. ఇన్నేళ్లలో ఏ దుప్పటీ ఇంత కంపు కొట్టలేదు.

మధ్యాహ్నం మేనేజరూ, రుమాలు సారూ, హాయిస్టు అమ్మినతనూ వచ్చారు. మొదటి ఇద్దరూ గడప అవతలే ఆగారు. అమ్మినతను మాత్రం నిగనిగలాడే బూట్లతో తిన్నగా కొక్కెం కిందికి వచ్చి నిలబడి, రిమోటు నొక్కి ఖాళీ కొక్కేన్ని పైకీ కిందకీ ఆడించాడు.

"పూలబుట్ట లేపినట్టు లేపుతుందమ్మా."

రుమాలు సారు గడప అవతల్నించే కాగితం చాపాడు. "హాయిస్టు మీది సూచనలు చదివాం, వాటి ప్రకారమే వాడతాం అని. ఇక్కడ సంతకం పెట్టేయండి."

"పెట్టకపోతే?"

"పెట్టేవాళ్లని పనిలోకి తీసుకుంటాం," అన్నాడు రుమాలులోంచి.

చెల్లెలు అక్క వైపు చూసింది. ఇద్దరి ఇళ్లలోనూ పొయ్యి వెలిగేది ఆ గది వల్లే. తాడో పేడో ఇప్పుడే తేలాలనుకుంది మేస్త్రమ్మ.

"పెడతాను సారూ. ఒక్క సంచి లేపి చూశాక పెడతాను."

చెల్లెల్ని మెట్ల మీదకి వెళ్లి నిలబడమంది. డ్రమ్ములోని తడి సంచి పట్టీలను కొక్కేనికి తగిలించి, అమ్మినతని చేతిలోంచి రిమోటు మర్యాదగా తీసుకుంది.

"బాబూ, మీరు కదలకండి. మా చెల్లెలు రోజూ నిలబడేది సరిగ్గా అక్కడే. సంచి మీ నెత్తి మీదుగా వెళ్తుంది. మూడు వందల ముప్పై కిలోలు, నేనే తూశాను."

బొటనవేలు మీట మీద పెట్టింది. నొక్కలేదు, నొక్కే ఉద్దేశమూ లేదు.

అమ్మినతను తలెత్తి చూశాడు. పైనున్నది తను అమ్మిన సరుకే. కాళ్లకు బుద్ధి చెప్పాడు. ఒక కాలు మురుగు కాలువలో చీలమండ దాకా దిగింది, అయినా ఆగకుండా గడప దాటి, రుమాలు సారుని గుద్దుకుని ఆగాడు. రుమాలు తడి నేల మీద పడింది. ఎవరూ వంగి తీయలేదు. కొక్కెం కిందనుంచి గడప దాకా బూటు ముద్రలు నల్లగా పడ్డాయి.

"సంతకం పడింది కదా సారూ," అంది మేస్త్రమ్మ వాటిని చూపించి. "ఇంక నాదెందుకు?"

"ఈ హాయిస్టు దించేయండి," అన్నాడు మేనేజరు ఎవరి మొహమూ చూడకుండా.

వారం తిరిగేసరికి అర టన్ను హాయిస్టు వచ్చింది. చెల్లెలు దాని చుట్టూ తిరిగి స్టిక్కరు ఉందేమో వెతికింది. లేదు. సంతోషించాల్సిన రోజే అది. కానీ పసుపుదాన్ని పెట్టెలో సర్దే పని తడి గదికే వచ్చింది, పెట్టె మీద అంటించే చీటీతో సహా. తిప్పి పంపడానికి కారణం అన్న చోట రుమాలు సారు గుండ్రటి అక్షరాలతో రాశాడు: "రంగు నచ్చలేదు."

మేస్త్రమ్మ ఆ చీటీ చదివింది. రంగు నచ్చేవాళ్లు ఎక్కడో ఉంటారు, దీన్ని వాళ్లకి అమ్మేస్తారు. అక్కడా ఒక తడి గది, కొక్కెం కింద ఎవరి చెల్లెలో.

దుప్పట్లకి గుర్తులు వేసే సిరా సీసా తెచ్చింది. స్టిక్కరు పీకేసి, ఆ పసుపు పొట్ట మీద పెద్ద అక్షరాలతో రాసింది: "తడి సంచి మూడు వందల ముప్పై కిలోలు. ఇది మోయలేదు. కింద మనుషులుంటారు." ఆరేదాకా ఊదింది.

"సంతకం కూడా పెట్టావేంటక్కా?" అంది చెల్లెలు వంగి చూసి.

"దీని మీదైతే పెడతానే," అంది మేస్త్రమ్మ, పెట్టె మూత వేస్తూ.