కిటోజో పోయిన మూడో రోజు

రేడియోలో చావు కబుర్లు చదివే సెఫు కిటోజో పోయాడు. ముప్పయ్యేళ్లుగా దేశంలో ఎవరు పోయినా ఆయన గొంతులోనే వినేవాళ్లం. ఊరంతా అయ్యో అంది, మర్నాటికి ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. మా అమ్మ నకియెతె మాత్రం మూడు రోజులుగా ముద్ద ముట్టలేదు. అసలే చక్కెర జబ్బు మనిషి. నాకు భయం పట్టుకుంది. భయమేస్తే నాకు నోరు లేస్తుంది.

"ఆయనేమైనా నీ మేనమామా? ముక్కూ మొహం తెలియనివాడి కోసం చస్తావా?" అన్నాను.

"మీ నాన్న పేరు నలుగురికీ వినిపించింది ఆయనే," అని అమ్మ అటు తిరిగి పడుకుంది.

టాంగా రేవు దగ్గర పడవ మునిగి మా నాన్న ఎంబోనెయా పోయి పదకొండేళ్లు. శవం దొరకలేదు. కిటోజో చదివిన ఆ నాలుగు ముక్కలే ఆయనకు జరిగిన కర్మ. అమ్మ అప్పుడు ఏడవలేదు. ఏడిస్తే నిజంగానే పోయినట్టవుతుందని.

దిక్కు తోచక పక్కవీధి తెము మామయ్య దగ్గరికి పరుగెత్తాను. ఆయన చాగా, మేం పారె. మా రెండు తెగలదీ వేళాకోళం వరస. పారెవాళ్లు పిసినారులు, అయినదానికీ కానిదానికీ కోర్టుకెక్కుతారని వాళ్లంటారు; డబ్బు చప్పుడైతే చాగా శవం కూడా లేచి కూర్చుంటుందని మేమంటాం. ఒకరింట చావైతే రెండోవాళ్లు వచ్చి చచ్చినవాణ్నీ ఏడ్చేవాళ్లనీ ఆటపట్టించాలి. వాళ్లు రాకపోతే అది చావిల్లే కాదు.

"రేడియో మనిషి పోతే మీ ఇంటికి నేనెందుకే?" అని విసుక్కుంటూనే టోపీ పెట్టుకుని వచ్చాడు.

వస్తూనే అమ్మ మంచం పక్కన చాప పరిచి, శవంలా బారజాపుకుని పడుకున్నాడు. "ఏం మరదలా, మూడు రోజుల తిండి మిగిల్చావట. పారె బుద్ధి పోనిచ్చావు కాదు. పిసినారితనానికి ఏడుపొక వంకా?"

అమ్మ కదల్లేదు. ఆయన ముక్కుతో కిటోజో గొంతు పెట్టాడు. "సెఫు కిటోజో అనే నేను పోయానని తెలియజేయడమైనది. చదివే నాథుడు లేక నేనే చదువుకుంటున్నాను."

అమ్మ భుజాలు అదిరాయి. నవ్వో ఏడుపో తెలియలేదు.

మామయ్య లేచి కూర్చుని మామూలు గొంతుతో అన్నాడు. "ఎంబోనెయా పోయినప్పుడు నేను రాలేదు మరదలా. శవమే లేదు, ఎవర్ని ఆటపట్టించనని ఊరుకున్నా. తప్పు నాదే."

మళ్లీ పడుకున్నాడు, ఈసారి మా నాన్నగా. "నన్ను చేపలకు ఊరికే పెట్టేశావేంటే? పారె దానివి కదా, కోర్టుకెక్కైనా ఖరీదు రాబట్టొద్దూ?"

అమ్మ బావురుమంది. నేను పట్టుకోబోతే మామయ్య కళ్లతోనే వద్దన్నాడు. చాలాసేపటికి ముక్కు చీదుకుని, కొంగు ముడి విప్పి, ఒక నాణెం ఆయన చెవి పక్కన టంగుమని పడేసింది.

"దీనికీ లేవకపోతే చాగావాడు నిజంగానే చచ్చినట్టు," అంది.

మామయ్య లేవలేదు గానీ చెయ్యి మాత్రం మెల్లగా నాణెం వైపు పాకింది. అమ్మ ఫక్కున నవ్వి, నావైపు తిరిగింది.

"ఉగాలి సంకటి పెద్ద గిన్నెకు వండవే. మీ నాన్న పోయాడు. నలుగురూ వస్తారు."

వండాను. మొదటి ముద్ద అమ్మే తింది.