ఉరిమేటప్పుడు పలకని పిల్ల

2001 ఏప్రిల్ పద్నాలుగు, శనివారం. మధ్యాహ్నం చేపల వేపుడు, మొక్కజొన్న రొట్టె, ముందురోజు మిగిలిన చిక్కుడు గింజల కూర తిన్నాం. మర్నాడు ఈస్టర్. నేను ముళ్ళు తీసి పెడుతుంటే మా మనవరాలు జకియా ఒక ముద్ద తింటూ, తన పద్యంలో ఒక పాదం వల్లె వేసుకుంటూ కూర్చుంది.

మా చర్చిలో ఈస్టర్ ఉదయం పిల్లలు ఒక్కొక్కరే ముందుకొచ్చి పద్యం చెబుతారు. ఏటా ఆ పద్యాలు నా భార్య ఎర్నస్టీన్ రాసిచ్చేది. ఆమె పోయాక వచ్చిన మొదటి ఈస్టర్ ఇది. తొమ్మిదేళ్ళ జకియా ఎవరినీ అడగకుండా తన పద్యం తనే రాసుకుంది. దాని మీద భోజనాల బల్ల దగ్గర తగువు.

"ఈస్టర్ నాడు ప్రభువు గురించి చెప్తారు గానీ, నా రంగు ఇది, నా జుట్టు ఇది అని చెప్పుకుంటారటే?" అంది మోజెల్ వదిన. ఎర్నస్టీన్‌కి అక్క, మా వీధి చివరే ఇల్లు. చెల్లెలు పోయినప్పటి నుంచి పిల్లకి జడలల్లడం ఆమె పనే.

"నన్ను చేసింది ఆయనే కదా అమ్మమ్మా? బాగా చేశావంటే కోపమొస్తుందా?"

"విన్నావా లూషస్, దీని నోరు!"

"మీ చెల్లెలి పోలిక వదినా."

"మొహం దాని పోలికే. నోరు మాత్రం నీదే."

మేం నవ్విన నవ్వు పూర్తికాకముందే దూరంగా ఉరిమింది. వదిన లేచి దీపాలు, టీవీ, ఫ్యాను అన్నీ కట్టేసింది. అలబామాలో మా నల్లవాళ్ళ పాతకాలపు ఇళ్ళలో పద్ధతి అది. ఉరిమితే అందరూ ఒకచోట కూర్చుని, అది ఆగేదాకా నోరు మెదపకూడదు. దేవుడు పని చేసుకుంటున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదు. నేను కాలేజీలో చదివి, హైస్కూల్లో సైన్సు చెప్పినవాణ్ణి, నాకా పట్టింపు లేదు. ఆ చీకట్లో పిల్లని నవ్వించాలని ఏదో ఒకటి గుసగుసగా అడిగేవాణ్ణి. అందుకే ఎర్నస్టీన్ దానికి గట్టిగా నేర్పింది: "ఉరిమేటప్పుడు తాతయ్య పిలిచినా పలక్కు."

ముందు గదిలో ముగ్గురం కూర్చున్నాం. కిటికీలోంచి కనిపించే ఆకాశం నాచు పట్టిన నీళ్ళ రంగుకి తిరిగింది. జకియా ఉన్నట్టుండి నా మోచేయి పట్టుకుని వెనక గది వైపు చూపించింది. అక్కడ తెరిచిన కిటికీ పక్కనే, ఈస్టర్‌కని ఉంచిన దాని పసుపు గౌను వేలాడుతోంది. నేను తల ఊపాను. మునివేళ్ళ మీద వెళ్ళింది.

అప్పుడే గాలి వచ్చింది. గాలి అనడం కూడా తప్పే. గూడ్సు బండి పెరట్లోకి వచ్చినట్టు వచ్చింది. నేల అదిరింది. పరుగెత్తి వెళ్ళేసరికి వెనక గది లేదు. గది ఉండాల్సిన చోట పెరట్లోని పెద్ద పెకాన్ చెట్టు పడి ఉంది. కొమ్మల మధ్య నుంచి వాన సూటిగా నడవాలోకి పడుతోంది.

"జకియా!"

జవాబు లేదు. మళ్ళీ పిలిచాను. ఎన్నిసార్లు పిలిచానో తెలియదు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. గోడ పట్టుకుంటే గోడ తడిగా, మెత్తగా కదిలింది.

పక్కింటి ఓడెల్ రంపం మెషీను భుజాన వేసుకుని కంచె దూకి వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే. ఇంజను తిప్పి, చెట్టు చుట్టూ ఒకసారి చూసి, ఆపేశాడు.

"ఎందుకాపావురా?"

"పిల్ల ఏ మూలుందో తెలియకుండా కోయలేను మాస్టారూ. ఒక కొమ్మ కోస్తే ఇంకోటి కూలుతుంది. ఏదైనా చప్పుడు వినబడిందా?"

"లేదు."

అతను నా మొహం చూడకుండా తల తిప్పుకున్నాడు. చెట్టు మీంచి కిర్రుమని శబ్దం. మొద్దు ఇంకొంచెం దిగింది.

వదిన కోసం వెనక్కి చూశాను. తలుపు దగ్గర నిలబడి ఉంది. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, రెండు చేతులతో నోరు మూసుకుంది. అంత దుఃఖంలోనూ చిన్న శబ్దం లేదు. పైన ఇంకా ఉరుముతోంది.

నాకప్పుడు తట్టింది.

"వదినా! అది కూడా మీలాగే నోరు మూసుకుని ఉందేమో. నేను పిలిస్తే పలకదు. మీరు పిలవండి."

ఆమె ఆకాశం వైపు చూసి అడ్డంగా తల ఊపింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. ఉరుములో ఒక్కమాట మాట్లాడి ఎరగదు. పెద్ద ఉరుము ఇంటిని కుదిపేసింది. అది తగ్గకముందే వదిన ఆ విరిగిన చెక్కల మధ్య మోకరిల్లింది. చర్చిలో ఏ పిల్లయినా పద్యం మధ్యలో భయపడి ఆగిపోతే బల్లల మీద కూర్చున్న పెద్దవాళ్ళు పెట్టే కేక ఒకటుంది. ఆ కేకే పెట్టింది.

"చెప్పమ్మా! తొందరేం లేదు తల్లీ, నిదానంగా చెప్పు!"

వాన చప్పుడు. ఇంకేం లేదు.

తర్వాత ఎక్కడో అడుగు నుంచి, నీళ్ళలోంచి వచ్చినట్టు,

"రాత్రికి రంగేసిన చేత్తోనే
నాకూ రంగేశాడు దేవుడు.
మిగిలింది పారబోయక
అడవి ద్రాక్షలకి పూశాడు."

"అవును! చెప్పు!" అంది వదిన.

ఓడెల్ నేల మీద చెవి పెట్టి పాకుతున్నాడు. "కిటికీ వైపు కాదు. బీరువా పక్కన. ఆపొద్దనండి."

"నా జుట్టు వాన మబ్బు,
దువ్వెనకి లొంగదు, గాలికి లొంగదు..."

ఆగిపోయింది.

రంపం చేతిలో పట్టుకుని ఓడెల్ కదలకుండా ఉండిపోయాడు. చెట్టు మళ్ళీ కిర్రుమంది. నేను గోళ్ళతో చెక్కలు పీకడం మొదలుపెట్టాను.

"ఏమైంది తల్లీ? చెప్పు!"

"మర్చిపోయా అమ్మమ్మా."

"పర్లేదమ్మా! మొదట్నుంచి చెప్పు! వినేవాళ్ళం ఇక్కడే ఉన్నాం!"

అది మొదట్నుంచి చెప్పింది. మళ్ళీ చెప్పింది. ప్రతి పాదానికీ వదిన "ఊఁ" అంటూనే ఉంది, ఆ గొంతు పట్టుకునే ఓడెల్ గోడ కింది వైపు నుంచి కోసుకుంటూ వెళ్ళాడు. బీరువా గోడకి ఒరిగి చిన్న గుహలా నిలబడింది. అందులోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది, తర్వాత ఆకులు నిండిన తల. ఎడమ మణికట్టు వాచింది. మిగతాదంతా గీతలే.

నా మెడ చుట్టూ చేతులేసి అడిగింది. "తాతా, దేవుడికి కోపం వచ్చిందా?"

వదిన చెప్పింది. "లేదే. ఆయన కూడా వింటూ కూర్చున్నాడు."

డాక్టరు కట్టు కట్టి పంపాడు. ఆ రాత్రికి వదిన ఇంట్లో పడుకున్నాం. ఆమె జకియాని మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, జుట్టులో ఇరుక్కున్న చెక్క ముక్కలు వేళ్ళతో ఒక్కొక్కటే తీసింది. కొత్తగా జడలల్లుతుండగానే పిల్ల నిద్రపోయింది. నేను పక్కనే కూర్చుని అది ఊపిరి తీసుకోవడం చూశాను. ఆగిందేమో అనిపించినప్పుడల్లా వంగి విన్నాను.

"పో లూషస్, నువ్వూ కాస్త నడుం వాల్చు," అంది వదిన. "నేను దీని పక్కనే ఉంటా."

నేను నడవాలోకి వచ్చాక ఆమె దుప్పటి సర్ది, దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.