తెగని వల

నేను ఒక వలను. ఇప్పుడు బడి గోడకు నాలుగు మేకుల మీద వేలాడుతున్నాను కాబట్టి నన్ను చూసి భయపడేది బల్లులు మాత్రమే. ఒకప్పుడు మా రేవులో నాకు మంచి పేరుండేది. పుట్టింది ఫ్యాక్టరీలో, మర మీద. అందులో గొప్పేమీ లేదు. మసేనయ్య ఇంటికి వచ్చాకే నాకో రూపం వచ్చింది. అతని భార్య దేముడమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చుని నా అంచులకు తాడు కట్టింది. పైన తేలడానికి బెండ్లు, కింద బరువుకు సీసపు గుండ్లు కూర్చింది. ఆమె ముడి వేస్తే మళ్లీ ఆమే విప్పాలి. మూడేళ్లు సముద్రంలో తిరిగినా నాలో ఒక్క కన్ను తెగలేదు. "మసేను వల తెగదురా" అని రేవులో అనుకుంటుంటే ఒళ్లు పొంగిపోయేది. మనుషుల మధ్య తిరిగితే ఇలాంటి జబ్బులు అంటుకుంటాయి.

మా ఊరివాళ్లకు తాబేలంటే గంగమ్మ తల్లి బిడ్డ. గుడ్లు పెట్టడానికి మాఘమాసంలో మా ఒడ్డుకే వస్తుంది. పొరపాటున వలలో పడితే దాని నుదుటికి పసుపు రాసి, బొట్టు పెట్టి, తప్పయిపోయిందని దణ్ణం పెట్టి వదిలేస్తారు. అవసరమైతే వల కోసేస్తారు. అందుకే దేముడమ్మ పసుపూ కుంకుమా పొట్లం కట్టి ఎప్పుడూ తెప్పలో పెట్టేది.

నిరుడు మాఘంలో జత మనిషికి జ్వరం వచ్చి మసేనయ్య ఒంటరిగా వేటకు వెళ్లాడు. తెల్లవారాక నన్ను లాగుతుంటే నిండా వంజరం చేపలు. చాలా రోజుల తర్వాత అంత వేట. వాటి మధ్య ఒక తల్లి తాబేలు. రెండు ముందుకాళ్లూ మెడా నాలో చుట్టుకుపోయాయి. తల పైకెత్తి గట్టిగా ఊపిరి తీసుకుంది. మసేనయ్య చూశాడు. చెయ్యి మొలలోని కత్తి దాకా వెళ్లింది. అక్కడ కోస్తే చేపలు సగం జారిపోతాయి.

"ఉండమ్మా, అయిపోనాది, ఉండు" అన్నాడు.

ముందు చేపలు తీద్దామనుకున్నాడు. కసాయితనం కాదు, తొందర. తల్లి తాబేలు ఊపిరి కోసం రెండోసారి పైకి వచ్చింది. మళ్లీ "ఉండమ్మా" అన్నాడు. నాలుగుసార్లు అలాగే, ఎంతో ప్రేమగా అన్నాడు. అయిదోసారి ఆమె పైకి రాలేదు. నేనేం చేశానంటారా? నాకు చేతనైందే చేశాను, తెగకుండా ఉన్నాను. ఒక్క పోగు వదులై ఉంటే చాలేది. ఆ సంగతి తలుచుకోని రోజు లేదు.

చచ్చిపోయిన దాని నుదుటికి పసుపు రాసి, బొట్టు పెట్టి నీళ్లలోకి జార్చాడు. ఆ పసుపు కొంత నా పోగులకు అంటింది. సాయంత్రం నన్ను ఆరేస్తూ దేముడమ్మ అది చూసింది.

"తల్లి పడ్డాదేటి? వదిలీసినావా?"

"వదిలీసినాను" అన్నాడు మసేనయ్య. ఆ రోజు నుంచి నన్ను ముట్టుకోలేదు. అటక మీద పడేసి వేరే వల తెచ్చుకున్నాడు.

మూడో రోజున తాబేలు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నుదుటి పసుపు సముద్రం కడిగేసింది. ఊరంతా చేరారు. పెద్ద బోట్ల పనే అన్నారెవరో. మసేనయ్య తల ఊపాడు. అందరికంటే ఎక్కువ ఏడ్చిందీ అతనే. ఆ ఏడుపు చూసి బడి టీచరు సుభాషిణి కరిగిపోయి, వచ్చే మాఘంలో తాబేళ్ల సంబరం చేద్దామంది, మసేనయ్యే పెద్దగా ఉండాలంది. మనుషులు పెద్దరికాన్ని ఇలాగే పంచుతారు.

సంబరం బాగానే జరిగింది. ఆడా మగా వీపుకు బేసిన్లు కట్టుకుని ఇసకలో పాకారు. వెనకబడినవాళ్లదే గెలుపు. అటవీ ఆఫీసరు అలవాటు కొద్దీ ముందుగా వచ్చేసి ఓడిపోయాడు. పళ్లూడిన ముసలమ్మ ఒకామె సగం దారిలో నిద్రపోయి గెలిచింది. ఊరు ఊరంతా నవ్వింది. చివర్లో జాలరి వల కోసి తాబేలును విడిపించే చిన్న నాటకం, ఆ తర్వాత తాబేలు పడితే వల కోస్తామని జాలర్లందరి చేతా ప్రమాణం. ప్రమాణం చేయించాల్సింది మసేనయ్య. నాటకంలో జాలరి వేషమూ అతనిదే.

రిహార్సల్స్‌లో ఉత్త తాడు వాడారు. సంబరం నాడు టీచరు పాత వల అడిగితే దేముడమ్మ అటక మీంచి నన్ను తీసి ఇచ్చింది. తాబేలు వేషం తొమ్మిదేళ్ల బడిపిల్ల ఝాన్సీది. వీపున ఆకుపచ్చ రంగు వేసిన బేసిన్‌తో ఇసకలో పడుకుంది. నన్ను ఆ పిల్ల మీద కప్పారు. డప్పు మోగింది. మసేనయ్య కత్తి పట్టుకుని వచ్చి, నన్ను చూసి ఆగిపోయాడు. పసుపు మరక ఇంకా ఉంది.

ఝాన్సీ టీచరు నేర్పినట్టే తల ఎత్తి గట్టిగా ఊపిరి తీసుకుంది. మసేనయ్య కదల్లేదు. నటన బాగుందని జనం చప్పట్లు కొట్టారు.

"తాతా, తొరగా కొయ్యి" అంది పిల్ల మెల్లగా.

"ఉండమ్మా, అయిపోనాది, ఉ..." అన్నాడు. ఆ మాట తన చెవిన తానే విన్నాడు.

అప్పుడు కోశాడు. ఒక కన్నూ రెండు కళ్లూ కాదు, దేముడమ్మ ముడులతో సహా నిలువునా కోశాడు. పిల్లను బయటికి లాగి గుండెకు హత్తుకున్నాడు. తర్వాత మైకు కూడా లేకుండా చెప్పాడు.

"నిరుడు తల్లిని సంపినాది పెద్ద బోట్లు కావు. నేను. సేపలకి ఆశపడి ఆలీసెం సేసినాను."

డప్పు ఆగిపోయింది. ఆఫీసరు కిందికి చూశాడు. పిల్లకు బొట్టు పెట్టాల్సింది మసేనయ్యే. దేముడమ్మ వచ్చి పొట్లం లాక్కుని తనే పెట్టింది. భర్త వైపు చూడలేదు. నెల్లాళ్ల దాకా మాట్లాడలేదు కూడా. ఆ పూట ప్రమాణం చేయించేవాళ్లు లేకపోయారు. మసేనయ్య ఒక్కడే సముద్రంలోకి నడుము లోతు దిగి చేశాడు. కాసేపటికి కుర్రాళ్లు ఒకరి వెనక ఒకరు దిగారు.

నన్ను బాగుచేయొద్దని చెప్పి అతనే బడికి ఇచ్చాడు. ఆదివారాలు వచ్చి నా కింద స్టూలు వేసుకుని కూర్చుంటాడు. పై ఊళ్ల పిల్లలు వస్తారు.

"తాబేలు ఈ కన్నంలోంచే తప్పించుకుందా తాతా?" అని అడుగుతారు. అవునంటే సరిపోతుంది. సంతోషంగా వెళ్లిపోతారు.

"నేదమ్మా. అది సచ్చిపోనాక ఏడాదికి కోసినాను" అంటాడు ప్రతిసారీ.

పిల్లలు కోసిన చోట చేతులు పెట్టి చూస్తారు. తర్వాత పిల్లలు కదా, ఒక్కొక్కరే కన్నంలో తల దూర్చి, భుజాలు దూర్చి అవతలికి వస్తారు. ఎంత లావు పిల్లలైనా సులువుగానే దూరిపోతారు. ఆ తల్లి తాబేలు కూడా పట్టేది.